షిగెజో చెయ్యి నేర్చిన యంత్రం

హిగాషి ఒసాకాలో మధ్యాహ్నం సైరన్ మోగగానే కార్ఖానాల వాళ్లు చేరే నూడుల్స్ కొట్టు అది. షిగెజో కుడిచెయ్యి బల్ల కింద పెట్టుకుని, టీ కప్పులోకి తొంగిచూశాడు.

"సగమే పోశావేం హత్సుయె? ఈ మధ్య మరీ పిసినారివైపోయావు!"

కొట్టు యజమానురాలు హత్సుయె ఉడుకుతున్న కుండలో గరిటె తిప్పింది. లోహాలకు మెరుగుపెట్టే మినెగిషి అడిగాడు: "రెండు వారాలుగా ఇంట్లోనే ఉన్నారట, ఏంటి సంగతి?"

"అదే చెప్తున్నా వినవయ్యా. ఇనుపదిమ్మెను చేత్తో గీకి అద్దంలా చదును చేసేవాణ్ణి ఈ పేటలో నేనొక్కణ్ణే కదా, అందుకని మా కార్ఖానాలో కొత్తగా తెచ్చిన గీకే యంత్రానికి నేర్పడానికి నన్నే పిలిచారు. నా చేతికి తీగల తొడుగు వేశారు. నేను గీకాను, అదీ గీకింది. మొదటిరోజు అంతే."

"అంతేనా?"

"ఆగు మరి! పనికి ముందు మనం ఒక్కో పనిముట్టునీ వేలితో చూపించి 'సరిగ్గా ఉంది!' అని అరుస్తామా, అదీ పట్టేసింది. రెండోరోజు నాకంటే ముందే ఉలిని చూపి అరిచింది. మూడోరోజు గోడను చూపి అరిస్తే పగుళ్లు పూడుకుపోయాయి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీలోంచి రైలును చూపి నోరు మూసుకుంది. అది అరిచేదాకా ఒక్క చక్రం కదిలితే ఒట్టు! ఇకోమా కొండను చూపితే కొండే వణికింది..."

"కొండ కూడానా!"

"నవ్వకండి. చివరికి నావైపు తిరిగింది. నా కుడిచేతి మీదికి వేలు చాచింది. 'సరిగ్గా ఉంది' అనలేదు. అలాగే నిలబడింది. ఒళ్లంతా చెమట పట్టేసింది నాకు. ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ వేలే. నిజానికి దానికే నేనంటే భయం! అందుకే నన్ను ఇంట్లో ఉండమన్నారు. సోమవారం పిలుస్తారు. పిలవకేం చేస్తారు?"

మినెగిషి గిన్నె దించాడు.

"షిగెజో గారూ, దానికి నోరు లేదు. భుజం, చెయ్యి, అంతే. మా అల్లుడు అక్కడే పనిచేస్తాడు. అది గీకిన ప్రతి దిమ్మె మీదా సన్నటి అలల్లాంటి గీతలు పడ్డాయట. తీగలు మార్చారు, మరలు మార్చారు. పోలేదు. ఆఖరికి తొడుగులో నమోదైన మీ కదలికలు తీసి చూశారు. వణుకు దానిది కాదు."

"అబద్ధం!"

షిగెజో బల్ల కిందినుంచి కుడిచెయ్యి తీసి, ఉడుకుతున్న కుండ వైపు వేలు చాచాడు. "చూడండి. సరిగ్గా..."

వేలు కుండ మీద నిలవలేదు.

హత్సుయె అటు చూడకుండా కప్పు తీసుకుని, ఒలకకుండా మళ్లీ సగమే పోసి, అతని ఎడమచేతి పక్కన పెట్టింది.