ఏనుగు పడేసిన ముక్కలు

ఇదో లక్ష్మీదేవమ్మా, నా చెనిక్కాయల కుప్పంతా ముందుకు నెట్టేసినా. మధ్యలో మూడు పేకముక్కలు ఇంకా తెరవనే లేదు, చేతిలో ఉండేవి రెండే, అయినా నెట్టేసినా! నువ్వూ నీ కుప్ప నెట్టి ఆడతావో, ముక్కలు పడేసి లేస్తావో నీ ఇష్టం. గెలిచినోళ్లదే ఆ పెయ్యదూడ. ఆవు నాది, మేపింది నువ్వు. పాలికిచ్చేటప్పుడు తొలి దూడ ఎవరిదో మాట్లాడుకోకపోవడం మనిద్దరి బుద్ధితక్కువ. మోకాలెత్తు పుంగనూరు పెయ్య, గుంజ కాడ ఎట్లా చెవులాడిస్తాందో సూడు, నన్నే పిలుస్తాండాది. తొందరేం లేదమ్మా. నువ్వు ఆలోచించేలోగా మదనపల్లె సంగతి చెప్తా.

అదో, ముక్కలు పంచుతాండాదే మా మనవరాలు సుప్రజ, ఆ పాపే నాకు ఈ ఆట నేర్పించింది. చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి అయిదు; పెద్ద జత కుదిరినోళ్లదే గెలుపు, ముందే పడేసినోళ్లు ఓడినట్టే. నేర్చుకున్న కొత్తల్లో టమాటా మండీలో చెంగల్రాయుడని ఒక లారీ డ్రైవరు నాతో కూర్చున్నాడు. ఎవరైనా మూడు ముక్కలు సూసినాక కదా ధైర్యం తెచ్చుకునేది? నేను సూడకముందే నెట్టేసినా. ఆయప్ప చేతిలో రెండు ఆసులు! ఆసులు పెట్టుకోని కూడా నా మొగం సూసి, "నాకొద్దు తల్లీ" అని పడేసినాడు.

"రెండు ఆసులు ఎవరన్నా పడేస్తారా అత్తా?" అన్నాడు పక్కింటి కొండప్ప, తిన్నె అంచున కూర్చోని.

పడేసినాడప్పా! లారీ కూడా ఆడే వదిలేసి నడిచిపోయినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కుప్పంలో పెండ్లికి పోతే, నా పేరు నాకంటే ముందే పోయిండాది. ఆడ ఆటకు కూర్చోని నేను కుప్ప మీద చెయ్యి పెట్టినానో లేదో, మండపంలో ఉండే వాళ్లంతా ముక్కలు పడేసినారు. పెండ్లికొడుకు చేతిలో ముక్కలే లేవు, పాపం, తలపాగా పడేసినాడు! స్టేషన్‌లో బెంగుళూరు రైలు ఆగిపోయింది. గార్డు పరిగెత్తుకోని వచ్చి, "అమ్మా, నువ్వు చెయ్యి తీస్తేగానీ బండి కదలదు" అన్నాడు.

సుప్రజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునింది. లక్ష్మీదేవమ్మ మాత్రం తలెత్తలే. ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకునింది.

సరే, రైలు వదిలెయ్. రామకుప్పంలో మా చెల్లెలి రాగిచేన్లోకి ఏనుగొచ్చింది. ఊరంతా డప్పులు కొడతాండారు. నేను "యాల ఈ గోల?" అని, దానికీ రెండు ముక్కలు, నాకూ రెండు ముక్కలు పంచినా. అది అడవిలోంచి పనసకాయలు తెచ్చి పందెం పెట్టింది.

"ముక్కలు యాడ పట్టుకునిందత్తా?"

చెవి చాటున! నేను తొంగి సూస్తానని. నేను మూడు ముక్కలు తెరవకముందే రాగికుప్పంతా తోసేసినా. ఏనుగు నా పక్క సూసింది, ముక్కల పక్క సూసింది. తొండంతో మెల్లగా ముక్కలు కింద పెట్టి, నాకొక దండం పెట్టి, అడవిలోకి పోయింది. ఈ పొద్దుటికీ ఆ చేను సుట్టుకోని పోతాందే గానీ లోపలికి రాదు. అంతటి ఏనుగే పడేసింది లక్ష్మీదేవమ్మా! నువ్వు పడేస్తే నామోషీ ఏముండాది?

లక్ష్మీదేవమ్మ ఒళ్లో పొట్టు దులుపుకునింది.

"అయిపోయిందా అక్కా? పొద్దున నీకు రెండు రాజులు పడినప్పుడు, కాఫీ సల్లారిపోతాందని మూడుసార్లు పిలిచినా పలకలే. ముక్కలు బాగుంటే నీ నోట్లోంచి మాటే రాదు. ఇప్పుడు మదనపల్లె దాటి, కుప్పం దాటి, ఏనుగు దాకా పోయినావు. నీ చేతిలో ఏమీ లేదు."

అని తన కుప్పంతా నెట్టేసింది.

ముక్కలు తిప్పక తప్పలే. నావి ఏడు, రెండు. ఆమెవి రెండు తొమ్మిదులు. సుప్రజ మధ్యలో మూడు ముక్కలు తెరిచింది, ఆ పైన ఒకటి, ఇంకొకటి. నా ఏడుకూ రెండుకూ ఒక్కటీ తోడు రాలే.

లక్ష్మీదేవమ్మ గుంజ కాడికి పోయి పలుపు ఇప్పుకునింది. నన్నే పిలుస్తాందనుకున్న పెయ్య, మారుమాట లేకుండా ఆమె ఎనకాలే నడిచింది. వాకిలి దాటతా లక్ష్మీదేవమ్మ తిరిగి సూసి అనింది:

"ఆ ఏనుగు మళ్లీ ఆటకొస్తే నాకు కబురు పెట్టక్కా. పాపం, దానికి నీతో సావాసం లేదు కదా, నీ నోటి సంగతి ఎవరో ఒకరు చెప్పాల."