చూడగానే ఏమనిపించింది?

ఆసుపత్రి కింది అంతస్తులో ఎక్స్‌రేలు చూసే చీకటి గది. కంప్యూటరు ముందు వదిన, పక్క కుర్చీలో ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న మరిది.

"ఇది?"

"మంచిదే. ఎనభై."

"ఇది?"

"చెడ్డది. కాదు, ఆగు వదినా..."

"ఆగేది లేదు. చూడగానే ఏమనిపించింది?"

"చెడ్డదనే."

"నూటికి ఎంత నమ్మకం?"

"అరవై."

"మరి ఆ 'కాదు' ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"అనుమానం."

"అనుమానం కాదు, భయం. తప్పయితే నేను నవ్వుతానని. తెర చూడు, పచ్చ లైటు వచ్చింది. నీ కన్ను కరెక్టే, నీ నోరే తప్పు."

"నా నోటి సంగతి అన్నయ్య చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాడులే."

"సరే, తర్వాతది చూడు."

"ఏంటి వదినా, అలా ఉన్నావు? పొద్దుట్నుంచీ చూస్తున్నాను, ఒక్క తిట్టూ లేదు. నీ తిట్లు లేకపోతే క్లాసులా లేదు."

"తిట్టడానికేముంది? వచ్చిన కొత్తలో ప్రతిదానికీ తొంభై అనేవాడివి, సగం తప్పులు. ఇప్పుడు నువ్వు తొంభై అంటే తొంభయ్యే."

"అమ్మయ్యో! పొగిడావు. వాన పడుద్దేమో. పద, టీ తాగుదాం, కళ్లు మండుతున్నాయి."

"ఇదొక్కటి చూసి."

"ఇందాకా ఇదొక్కటే అన్నావు."

"ఇదొక్కటే. ఒట్టు."

"సరే, పెట్టు... చెడ్డది."

"అప్పుడే?"

"అప్పుడే ఏంటి, చూడగానే చెప్పమన్నావుగా? కుడి ఊపిరితిత్తి, పైన. ఆ మచ్చ అంచు చూడు, పీచు పీచుగా. క్యాన్సరే. తొంభై. కాదు, తొంభై అయిదు."

"ఇంకోసారి చూడు."

"ఇంకోసారి చూడొద్దనేది నువ్వేగా!"

"ఈసారికి చూడు."

"చూశా. తొంభై అయిదే. పాపం ఎవరో గానీ... అదేంటి, లైటు రాలేదే? పచ్చా లేదు, ఎరుపూ లేదు. పాడైందా?"

"పాడవలేదు. దానికింకా జవాబు లేదు. ముక్క తీసి పరీక్షకి పంపారు. సోమవారం తెలుస్తుంది."

"జవాబు తెలిసిన పాతవేగా మనం చూసేది? జవాబు లేకపోతే కన్ను ఏం నేర్చుకుంటుందని నువ్వేగా... వదినా. ఇటు చూడు. ఎవరిది?"

"పేర్లు చెరిపేస్తాం కదా."

"చెరిపింది నువ్వేగా? ఎవరిది?"

"ముందు కూర్చో."

"కూర్చునే ఉన్నాను. ఎవరిదీ?"

"మీ అన్నయ్యది."

"అబద్ధం. నాకు పరీక్ష పెడుతున్నావు. పేరు చెబితే చూపు మారుతుందా లేదా అని. అంతేనా? అంతే కదా?"

"అంతే అయితే బాగుండును."

"పెట్టు. మళ్లీ పెట్టు. పెద్దది చెయ్యి. ఏదీ... ఇదిగో, ఇక్కడ అంచు అంత పీచుగా ఏం లేదు. పొరబడ్డాను. అన్నయ్య ఆ వడ్రంగం షెడ్డులో పొద్దస్తమానం రంపపు పొట్టు పీలుస్తాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే కట్టుకోడు. ఆ దుమ్ముకి మచ్చలు రావా? వస్తాయి. ఎప్పుడో చేసిన నెమ్ము అయినా అయ్యుండొచ్చు. డెబ్భై. డెబ్భై అను వదినా. పోనీ, అరవై. అంతకన్నా లేదు."

"నేనూ ఇలాగే దిగుతూ వచ్చాను. నిన్న పొద్దున చూస్తే ఒక మాట, మధ్యాహ్నం చూస్తే ఇంకో మాట. సాయంత్రానికి అసలది మచ్చే కాదనిపించింది. ఇంతమందికి కన్ను దిద్దానా, నా మొగుడి ఎక్స్‌రే ముందు నా కన్ను నా మాట వినలేదు. అందుకే..."

"అందుకని నా చేత అనిపించావా?"

"ఈ ఆసుపత్రిలో నీకన్నా మంచి కన్ను నాకు దొరకలేదు."

"నాకొద్దీ కన్ను! నాన్న పోయాక తను బడి మానేసి రంపం పట్టుకున్నాడు వదినా, నేను చదువుకోవాలని. వేళ్ల నిండా గాట్లు, అడిగితే దోమ కుట్టిందనేవాడు. ఈ కుర్చీలో కూర్చోబెట్టిందే తను. ఇందులో కూర్చుని నేను... 'పాపం ఎవరో' అన్నాను. విన్నావా? 'పాపం ఎవరో' అన్నాను."

"ఏయ్. ఏడవకు. నువ్వేడిస్తే నేనాగలేను."

"అన్నయ్యకి తెలుసా?"

"ఈ పని చెయ్యమంది ఆయనే."

"ఏ పని?"

"'పేరు చెరిపి వాడికి చూపించు' అన్నారు. 'నువ్వయితే నాకు అబద్ధం చెబుతావు, ఎవరిదో తెలియకపోతే వాడు నిజమే చెబుతాడు' అన్నారు."

"ఎక్కడున్నాడు?"

"బయట, బెంచీ మీద."

"ఇక్కడా? ఇందాకట్నుంచీ ఇక్కడేనా?"

"మొహం తుడుచుకో."

"ఏం చెప్పాలి? వదినా, ఏం చెప్పాలి?"

"నాకు తెలీదు. నన్నడక్కు. అదిగో, తలుపు... వచ్చేశారు."

"అయిందా మీ క్లాసు? అబ్బ, ఏం చీకటి రా బాబూ ఇక్కడ. ఏరా, ఎంతన్నావు?"

"యాభై అన్నయ్యా."

"యాభయ్యా?"

"అటో ఇటో చెప్పలేం. దుమ్ము వల్ల కూడా అలా కనబడుతుంది. నువ్వు ముక్కుకి గుడ్డ కట్టుకోవు కదా, అందుకని..."

"కట్టుకుంటాలే. నిన్న మీ వదినా యాభయ్యే అంది."

"చూశావా మరి! ఇద్దరికీ ఒకేలా అనిపించిందంటే..."

"ఊఁ. ఇద్దరూ నేలకేసి చూస్తూనే చెప్పారు. సరే పదండి, ఇంటికెళదాం. అమ్మకి మాత్రం మీరేం చెప్పకండి. నేను చెబుతాను."