నాన్న చెయ్యి ఎందుకు లేచేది

"నాన్న ఇప్పుడు ఎవర్నీ కొట్టట్లేదుగా, ఇంకా వారం వారం పరిగెత్తడం దేనికే అక్కా" అంటావా? బాగుందిరా రాయిస్. విచిటా నుంచి కారేసుకుని వచ్చి, నా వంటింట్లో కూర్చుని, నేను ఓవెన్‌లో కాల్చిన రూబార్బ్ పై ముక్క తింటూ అడగాల్సిన ప్రశ్నే. తిను, తిను. తింటూ విను. టీవీలో ఆట మొదలవడానికి ఇంకా టైముందిలే.

అసలు నీకు తెలిసిందెంత? నాన్న ఉండే ఆ వృద్ధాశ్రమం వాళ్ళు నీకోసారి ఫోన్ చేశారు. "మా అక్కతో మాట్లాడండి" అన్నావు. అక్కడితో నీ కథ అయిపోయింది. నాది అక్కడ మొదలైంది.

స్నానం చేయించే బెటీనా ఉంది చూడు, ఆ పిల్ల కంటి మీద గుద్దాడు నాన్న. వంకాయలా వాచింది పాపం. తర్వాత ఇంకొకావిడ మణికట్టు మెలితిప్పాడు. బతుకంతా గోధుమ గిడ్డంగిలో పార పట్టిన చేతులు కదా. మతి పోయింది గానీ బలం పోలేదు.

మేనేజరమ్మ నన్ను పిలిచి, ఎంతో మర్యాదగా, రెండు దారులు చూపించింది. మత్తులో ఉంచే మందు పెంచడం, లేదంటే ఇంకో చోటు చూసుకోవడం. మందు అంతకుముందు వేశారుగా. నువ్వు చూళ్ళేదు. గడ్డం మీంచి సూప్ కారుతుంటే తుడుచుకోవాలని కూడా తెలీకుండా కూర్చునేవాడు. ఎవరు? చర్చికి బయల్దేరే ముందు మొహం కనపడేదాకా బూట్లు రుద్దుకునే మన నాన్న. ఇక ఇంకో చోటంటే కాన్సాస్‌కి ఆ చివరనున్న పిచ్చాసుపత్రి. అక్కడికెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు నాకైతే ఎవరూ తెలీదు.

అప్పుడు ఆశ్రమం వాళ్ళు పంపారు ఒక అమ్మాయిని. పేరు కొలీన్. ప్రవర్తన విశ్లేషణ అని చదువుకుందట. మనుషులు చేసేది చూసి, ఎందుకు చేస్తున్నారో కనుక్కునే చదువు. అదా, అది మా అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఊరికే చేసేదిగా, దానికి యూనివర్సిటీ ఎందుకు అనుకున్నాను.

"మీ నాన్నగారు ఎందుకు కొడుతున్నారంటారు?" అని అడిగింది.

"కోపిష్టి మనిషి. మా తాత పోలిక."

"కోపిష్టి అని మీకెలా తెలుసు?"

"కొడుతున్నాడుగా."

"మరి ఎందుకు కొడుతున్నారు?"

"చెప్పాగా, కోపిష్టి."

ఆ పిల్ల నవ్వలేదు. అది ఇంకా ఒళ్ళు మండించింది. "చూశారా లవోన్ గారూ, బయల్దేరిన చోటికే వచ్చాం. కోపిష్టి అన్నది కారణం కాదండీ. కొట్టడానికి మనం పెట్టిన ఇంకో పేరు" అంది.

ఇన్నేళ్ళూ నేను మనుషుల్ని అర్థం చేసుకున్నదే అలా కదరా. వీడు బద్ధకస్తుడు, అది గయ్యాళి, మా ఆయన మొండి. పేరు పెట్టేస్తే పని అయిపోయేది. ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఆ ఒక్క సౌకర్యం కూడా పీకేసింది మహాతల్లి.

"సుడిగాలి వచ్చి ఇంటి కప్పు లేచిపోతే గాలిది చెడ్డబుద్ధి అంటామా? దానికేవో కారణాలుంటాయి. మనిషి చేసే పనికీ ఉంటాయి" అంది.

"అయితే ఎవరిదీ తప్పు కాదంటావు."

"తప్పెవరిదో తేల్చడం నా పని కాదండీ. దానికి ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది, అదే నేను చూసేది."

మన పాస్టర్ గారు వింటే ఉద్యోగం మానేసి చేపలు పట్టుకోడానికి పోతాడు అనుకున్నాను.

కొలీన్ వెళ్ళి ఆశ్రమంలో ఓ మూల కూర్చుంది. చూస్తోంది. మొదట స్నానం దగ్గర అనుమానం వచ్చింది. ఎవరో తెలియనివాళ్ళు వచ్చి బట్టలు విప్పుతుంటే నువ్వైనా గుద్దుతావు. గుద్దితే స్నానం ఆగిపోతుంది, అందుకని మళ్ళీ గుద్దుతాడు. అందుకని ముందు చెప్పమంది, తువ్వాలు ఆయన చేతికే ఇమ్మంది, వద్దని చెయ్యెత్తితే ఆగమంది. స్నానం దగ్గర తగ్గింది. కానీ భోజనాల దగ్గర కొట్టాడు. వరండాలో పోతున్నవాళ్ళని కొట్టాడు.

నేను సంతోషించానంటే నమ్ము. మీ చదువు ఇంతేనా అమ్మాయీ అని అడుగుదామని కూడా అనుకున్నాను.

ఈలోపు ఆ పిల్లే వచ్చింది. "కొట్టాక ఆయనేం చేస్తారో ఎప్పుడైనా చూశారా?"

"ఏం చేస్తాడు. అరుస్తాడు."

"లేదండీ. చక్రాల కుర్చీ తోసుకుంటూ ముందు తలుపు దగ్గరికెళ్తారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటారు. కొట్టిన ప్రతిసారీ."

"అక్కడేముంది?"

"కొడితే వీళ్ళు మీకు ఫోన్ చేయాలి, అది ఇక్కడి రూలు. మీరు వస్తారు."

అవున్రా, వచ్చేదాన్ని. ఉన్న పని ఉన్నట్టే వదిలేసి వచ్చేదాన్ని. చెయ్యి పట్టుకుని, తల దువ్వి, పై ముక్క తినిపించి, ఏంటి నాన్నా ఇది అని బతిమాలేదాన్ని. కొట్టని వారాల్లో? ఎవరూ ఫోన్ చేసేవాళ్ళు కాదు. అమ్మయ్య, బాగానే ఉన్నాడు అనుకుని నా పనులు చూసుకునేదాన్ని.

నేను ఊరుకుంటానా. "ఆయనకి నా పేరే గుర్తులేదు. నన్ను చూసి, ఏమ్మా కొత్తగా పనిలో చేరావా అంటాడు. అలాంటి మనిషి ఇంత పథకం వేస్తాడా?" అన్నాను.

"పథకమేం లేదండీ. ఒక పని చేశాక మంచిది జరిగితే ఆ పని మళ్ళీ జరుగుతుంది. తెలిసి చేయక్కర్లేదు, గుర్తుండక్కర్లేదు."

మన అమ్మ పేరు మర్చిపోయాడు. ఊరి పేరు మర్చిపోయాడు. స్పూను ఎలా పట్టుకోవాలో మర్చిపోయాడు. ఆ బుర్రలోకి కొత్తగా ఎక్కింది ఒకే ఒక్కటి. గుద్దితే లవోన్ వస్తుంది. అది నేర్పింది నేను.

చికిత్స ఏంటో తెలుసా? కొట్టినా కొట్టకపోయినా బుధవారం, ఆదివారం నేను వెళ్ళాలి. కొట్టాడని ఫోనొస్తే మాత్రం వెళ్ళకూడదు. అంతే, ఇంత పెద్ద చదువుకి ఇంత చిన్న మందు. "మొదట్లో ఎక్కువవుతుంది, భయపడకండి" అంది. ఎంత ఓదార్పు.

ఎక్కువైంది. ఒకావిడ కళ్ళజోడు విరగ్గొట్టాడు. భోజనం పళ్ళెం గోడకేసి విసిరాడు. ఫోనొచ్చింది. దెబ్బలేం తగల్లేదు, దగ్గర మనుషులున్నారు, మీరు మీ రోజునే రండి అన్నారు. కారు తాళాలు చేతిలో పట్టుకుని ఈ కుర్చీలోనే కూర్చున్నానురా. ఆయన అక్కడ తలుపు దగ్గరుంటాడని తెలిసి కూర్చున్నాను. ఆ సాయంత్రం ఆ పిల్లని తిట్టిన తిట్లు నీకు చెప్పను, పై ముక్క తింటున్నావు.

బుధవారం వెళ్ళాను. ఆదివారం వెళ్ళాను. వెళ్తూనే ఉన్నాను. మెల్లగా ఆ చెయ్యి లేవడం మానేసింది. మందు తగ్గించారు. మొన్న బెటీనా దువ్వెన అందిస్తే, థాంక్సమ్మా అన్నాడట. ఇప్పుడు చెప్పు, కొట్టట్లేదు కాబట్టి వెళ్ళడం మానేయనా?

ఒకరోజు కొలీన్‌ని అడిగాను. "అయితే ఆయనకి నా మీద ఉన్నది ప్రేమా, అలవాటా? నా గుండెలో ఉన్నదీ ఉత్తదేనా?" అని.

"ఉత్తదని నేననలేదండీ. లోపల జరిగేదీ జరిగేదే. కానీ కారు నడిపేది అది కాదు. మీరు వెళ్తున్నారు, ఆయన మొహం విప్పారుతోంది, అందుకని మీరు మళ్ళీ వెళ్తున్నారు. దానికి ప్రేమ అని పేరు పెట్టుకుంటే నాకేం అభ్యంతరం లేదు" అంది.

అభ్యంతరం లేదట. ధన్యురాలిని.

సరే, అసలు విషయానికొస్తాను. వచ్చే నెల నాకు తుంటి ఆపరేషన్. కొన్నాళ్ళు కారు నడపకూడదన్నారు. బుధవారాలూ ఆదివారాలూ నువ్వెళ్ళాలి. నేనెళ్ళడం ఆగిపోతే పాత కథ మళ్ళీ మొదలవుతుంది, ఈసారి వాళ్ళు ఉంచుకోరు. నువ్వెవరో ఆయనకి తెలీదంటావా? నేనెవరో మాత్రం తెలుసా?

అదిగో, లేచావు.

మీ తమ్ముడెందుకు రారు అని కొలీన్ అడిగితే, స్వార్థపరుడు అన్నాను. "స్వార్థపరుడని మీకెలా తెలుసు?" అంది ఆ పిల్ల. సరే సరే అని మళ్ళీ మొదలెట్టాను. ముందేం జరుగుతుంది? నేనేదో అడుగుతాను. నువ్వు లేచి కోటు తొడుక్కుంటావు. తర్వాత? "పోన్లేరా, నేనే చూసుకుంటాను" అంటాను. అమ్మ పోయినప్పట్నుంచీ ఇదే. నీకు లేచిపోవడం నేర్పింది కూడా నేనే. మంచి టీచర్ని.

ఇవాళ ఆ మాట అననురా. కారెక్కు, ఫోన్ చేసి అడుగుతాను. విచిటా చేరు, అక్కడికీ చేసి అడుగుతాను. మొదట్లో నువ్వు గొంతు పెంచుతావు, తెలుసు. పెంచు. నాన్న దగ్గరికి భోజనాలయ్యాక వెళ్ళు, అప్పుడైతే ఆయన కాస్త తేటగా ఉంటాడు. స్వార్థపరుడివనీ అనను, బంగారు తమ్ముడివనీ అనను. వెళ్ళావా, లేదా. అంతవరకే చూస్తాను.