అమ్మ చేతి అన్నానికి దారి చూపిన దమయంతి గారు

1992 జూన్ ఒకటవ తేదీన శ్రీమతి దమయంతి గారు తమిళనాట చూలైలోని మా తెలుగు క్రైస్తవ సంఘ కార్యాలయంలో యువజన విభాగ సహాయకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నెల్లూరు నుంచి అప్పుడే వచ్చిన ఆ సన్నని యువతిని చూసి, ఈమె మన పిల్లలను అదుపులో పెట్టగలరా అని పెద్దలు సందేహించారు. ఆమె ఎవరినీ అదుపులో పెట్టలేదు. కూర్చోబెట్టి మాట్లాడించారు, అంతే.

తొలి సంవత్సరాలలో ఆదివారపు బడిని, అనంతరం యువజన కూటములను సమర్థంగా నిర్వహించి, కాలక్రమంలో నూతన విశ్వాసుల తరగతికి బాధ్యురాలై, విశ్వాసంలో తొలి అడుగులు వేస్తున్న వారికి ఆమె తోడునీడగా నిలిచారు. ఆ తరగతిలో ఆమె పెట్టిన నియమం ఒక్కటే: అందరికంటే కొత్తగా వచ్చినవారే ముందు ప్రార్థించాలి. పెద్దల ప్రార్థన విన్నాక కొత్తవారు ఆ మాటలనే వల్లిస్తారు గాని తమ మనసులోది చెప్పుకోరని ఆమె వాదన. అరగంటకు తక్కువ ప్రార్థించడం ఎరుగని నావంటి వారికి ఇది మింగుడుపడలేదు. సగం తెలుగు, సగం తమిళంలో తడబడుతూ మా పిల్లలు చేసిన చిన్న ప్రార్థనలకు ఆమె ఆమేన్ అన్నంత గట్టిగా నా ప్రార్థనకు ఏనాడూ అనలేదు!

కొన్నేళ్ల క్రితం శ్రీప్రియ అనే యువతి బాప్తిస్మం పొందింది. కొత్త ఉత్సాహంలో, తన విశ్వాసాన్ని పంచుకోని తల్లి మునెమ్మ గారి చేతి వంట ముట్టనని పట్టుబట్టి, ఇల్లు విడిచి హాస్టల్లో చేరింది. ఆ సంగతిని తరగతిలో సాక్ష్యంగా చెప్పగానే స్తోత్రాలు మారుమోగాయి. దమయంతి గారు మాత్రం సంచి తీసుకొని లేచి, శ్రీప్రియను వెంటబెట్టుకొని వాళ్ల ఇంటికి బయలుదేరారు. నన్నూ రమ్మన్నారు.

మునెమ్మ గారు తలుపు తీసి, కూతురిని చూసి పక్కకు తప్పుకున్నారు. దమయంతి గారు నేరుగా వెళ్లి వంటింటి గడప దగ్గర నేలమీద కూర్చున్నారు.

"అక్కా, ఆకలేస్తా ఉంది. ఉన్నదే పెట్టు."

"మా ఇంట్లో మీరు తింటారా? నా బిడ్డే తినదే!"

"దేవుణ్ణి నమ్మింది, సరే. అమ్మను ఒదిలేయమని ఆయన ఏడా చెప్పలేదు గదా!"

రసం అన్నం వచ్చింది. దమయంతి గారు మారు అడిగి మరీ తిన్నారు. గోడవైపు తిరిగి ఏడుస్తున్న శ్రీప్రియ చివరకు వచ్చి ఆమె పక్కన కూర్చుంది. మునెమ్మ గారు ఇంకొక కంచం పెట్టారు. మేము తిరిగి వచ్చేటప్పుడు శ్రీప్రియ మాతో రాలేదు.

ఆ అమ్మాయి విశ్వాసం తగ్గలేదు సరికదా, అక్కడినుంచే వేరూనింది. ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న దమయంతి గారి నుంచి నూతన విశ్వాసుల తరగతి బాధ్యతను అందుకుంటున్నది ఆ శ్రీప్రియే. ఇటువంటి వారసురాలిని మాకిచ్చినందుకు దమయంతి గారికి మా సంఘం ఎంతో రుణపడి ఉంది.

మునెమ్మ గారి పూజలు నేటికీ మునెమ్మ గారివే. మా సంఘ పత్రిక ఈ సంచికకు ఒక మాట చెప్పమని వెళ్లి అడిగితే ఆమె అన్నారు:

"ఏం చెప్పేది అయ్యా? ఆ యమ్మ ఆ పొద్దు ఈడ కూర్చొని అడిగి తినబట్టే నా బిడ్డ నాకు మిగిలింది. ఆ యమ్మ కాలూ చెయ్యీ గట్టిగా ఉండి నూరేళ్లు చల్లంగా బతకాల. నా దేవుణ్ణి నేను అడిగేసినా. మీ దేవుణ్ణి మీరు అడగండి."

దమయంతి గారి నియమం ప్రకారం కొత్తవారి ప్రార్థనే ముందు. మునెమ్మ గారి కంటే మాకు కొత్తవారెవరు? ఆ ప్రార్థన అయింది. కృతజ్ఞత నిండిన హృదయాలతో, ఈసారికి క్లుప్తంగానే, మేమందరం ఆమేన్ అంటున్నాం.