మూడో క్యాసెట్టు

తొంభై మూడులో ఒక మధ్యాహ్నం, బళ్లారి గాంధీనగర్‌లో ఒక ఇంటి ముందుగది. ఒకప్పుడు బ్యాండులో డ్రమ్ములు వాయించిన హంపయ్య, అదే బ్యాండులో పాడిన భీమక్కను వెతుక్కుంటూ ఆమె అత్తగారింటికి టేపురికార్డరుతో వచ్చి, ఒక క్యాసెట్టు పెట్టాడు.

“బందు చెయ్యప్పా. వంటింట్లో మా అత్త ఉండాది.”

“సౌండు తగ్గించినాలేక్కా. బెంగళూరు కంపెనీ మన పాత క్యాసెట్లు మళ్లా తెస్తాదంట. అప్పుడు ఎవురూ కొనలేదు. ఇప్పుడు కాలేజీ పిల్లోళ్లు కాపీలు చేసుకోని వింటాండారు.”

“నేను పాడేదాన్నని ఈ ఇంట్లో ఎవురికీ తెలీదు. నా పేరు లేకుండా తెచ్చుకోండి.”

“అట్లయితే మొదటి రెండే తెస్తారు. మూడోది వద్దంటాండారు.”

“ఏంటికి?”

“అది పాట కాదంట, సుమ్నే, ఉత్త అరుపంట.”

“గనిలో మట్టి మీద కూలి మా అన్న సచ్చిపోయిన వారానికి పాడినాను. అరవక జోల పాడాల్నా?”

“ఆ మాట నాకు చెప్తే ఏం లాభం? పాడిన మనిషి ముందుకొచ్చి అడిగితే వేస్తారేమో. అప్పుడు అట్ట మీద పేరూ పడుతాది, ఫోటోనూ పడుతాది.”

“యాడుంది ఆ మూడోది?”

“ఇదో, ఇప్పుడు తిరుగుతాండేది అదే.”

ఇద్దరూ కాసేపు విన్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఎవురే, ఆ అరిచేది?” లోపల్నుంచి అత్త గట్టిగా అడిగింది.

“బందు చేస్తానక్కా!”

“చెయ్యి తియ్యి, హంపయ్యా.”

భీమక్క వంగి సౌండు పెంచింది.

“నేనే, అత్తా. మా అన్న పోయినప్పుడు పాడింది. ఇట్లా వచ్చి కూర్చోని విను.”