ఇంకొక్కసారి చెప్పు నాయనా

గ్రంథాలయం పైగదిలో మూడు కుర్చీలు. ఒకదాంట్లో పాలవ్యాను డ్రైవరు, ఎదురుగా ఆ వ్యాను కింద కూతుర్ని పోగొట్టుకున్న దర్జీ ఆవిడ, మధ్యలో ఇలాంటివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించే రిటైర్డు హెడ్మిస్ట్రెస్. ఇది ఆరో మంగళవారం, ఆఖరిది.

“...పెన్సిలుతో గుర్తులు పెట్టాను చెల్లెమ్మా. ఇక్కడొకటి, ఇక్కడొకటి, వెనక పేజీలో ఒకటి. మూడు సంతకాలు, అంతే.”

“పెడతానండి.”

“మరి పెన్ను తీసుకో.”

“పెడతానన్నాను కదా టీచరుగారూ. ముందు ఇతన్ని ఇంకొక్కసారి చెప్పమనండి.”

“మళ్ళీనా?”

“ఒక్కసారి.”

“ఐదు వారాల్నుంచి అదే మాట. ముప్పై నాలుగేళ్ళు పిల్లలచేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. నేను కూడా ఒకే ఎక్కం ఇన్నిసార్లు చెప్పించలేదు.”

“మీకు విసుగ్గా ఉంటే కిందికెళ్ళి టీ తాగి రండి.”

“నేను లేకుండా మీరిద్దరూ మాట్లాడుకోకూడదు, అది రూలు. ముందు ఈ కాగితం చదువుతాను, ఇద్దరూ వినండి. తర్వాత నీ ఇష్టం.”

“చదవండి.”

“ఇతను జైలుకెళ్ళడు. దానికి బదులు మూడేళ్ళపాటు ప్రతి శని, ఆదివారాలు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో స్ట్రెచర్లు తొయ్యాలి. నెలకోసారి డ్రైవింగు స్కూల్లో కొత్తవాళ్ళ ముందు నిలబడి, తను చేసిన పని తన నోటితో చెప్పాలి. బండి మళ్ళీ ముట్టుకోకూడదు. ఇక్కడ చెప్పినవన్నీ నిజాలై ఉండాలి. ఏది తప్పినా ఫైలు కోర్టుకి పోతుంది. చెల్లెమ్మా, నువ్వు సంతకం పెట్టకపోయినా సోమవారం పోతుంది. విన్నావా బాబూ?”

“విన్నాను మేడం.”

“ఏమిటలా ఉన్నావు, జ్వరమా?”

“లేదు మేడం. నిద్ర లేదు.”

“సోమవారం గురించి భయమా?”

“అదొకటి.”

“భయపడకు. చెల్లెమ్మ పెడుతుంది. పెడతావు కదూ?”

“మా తమ్ముడు వద్దంటున్నాడండి. జైలుకెళితే పిల్ల తిరిగొస్తుందా అని మీరంటారు. సంతకం పెడితే మాత్రం వస్తుందా అని వాడంటాడు. ఇద్దరి మాటా నిజమే.”

“మొదట్లో నువ్వూ జైలే కావాలన్నావు. ఉరి కూడా అన్నావు.”

“అన్నాను.”

“మొదటి మంగళవారం అయ్యాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. దేవుడి దయ అనుకున్నాను నేను.”

“దేవుడిదో ఎవరిదో. నీతో ఎవరైనా వచ్చారా నాయనా?”

“మా అమ్మ వచ్చిందమ్మా. కింద మెట్ల మీద కూర్చుంది.”

“మెట్ల మీదేం ఖర్మ. పైకి రమ్మనకపోయావా?”

“రానంది. మీ మొహం చూడలేనంది.”

“నేనేం చేశాను ఆవిణ్ణి?”

“మీరు కాదమ్మా. తనే. నన్ను కన్నందుకట.”

“అలా అనకూడదని చెప్పు. పిల్లలకి ఏదైనా అయితే కన్నవాళ్ళు...”

“కన్నవాళ్ళు ఏంటి చెల్లెమ్మా?”

“ఏం లేదండి. చెప్పు నాయనా. ‘ఆరున్నర అయింది’ అక్కణ్ణుంచి.”

“ఆరున్నర అయింది. అప్పటికే రెండు వీధులు ఆలస్యం. ఏ ఇంటికి ఎన్ని పాకెట్లో రాసిన చీటీ కాళ్ళ దగ్గర పడిపోయింది. వంగాను. చెయ్యి స్టీరింగు మీదే ఉంది, చూపు లేదు. తలెత్తేసరికి...”

“అది వద్దు. తర్వాతది.”

“దిగాను.”

“పరిగెత్తావు.”

“పరిగెత్తాను.”

“తల ఎలా పట్టుకున్నావు?”

“ఒళ్ళో పెట్టుకున్నాను.”

“నీళ్ళడిగింది.”

“అడిగింది. సీసా మూతతో పోశాను.”

“మూతతోనా? పోయిన వారం చేత్తో అన్నావు.”

“చేత్తోనే. చేత్తోనే అమ్మా.”

“సరే, చేత్తో. తాగింది. తర్వాత ఏమంది?”

“అమ్మకి చెప్పు అంది.”

“ఏమని?”

“కంగారుపడొద్దని.”

“ఇంకా?”

“మా అమ్మ మిషను ముందు కూర్చుంటే తినడం మరిచిపోతుంది, వేళకి తినమని చెప్పు అంది.”

“టీచరుగారూ, విన్నారా? వేళకి తినమంది.”

“విన్నాను చెల్లెమ్మా.”

“ఎలా అంది నాయనా? విసుక్కుంటూ అందా?”

“లేదమ్మా, మామూలుగానే.”

“కోపం లేదుగా గొంతులో?”

“కోపమెందుకుంటుంది?”

“ఊరికే అడిగాను. నొప్పికి కొందరికి కోపం వస్తుంది. ‘అమ్మ’ అనే అందా, ఇంకేమైనా అందా?”

“అమ్మ అనే అంది.”

“ఎన్నిసార్లు?”

“చెల్లెమ్మా, ఇక చాలు. పెన్ను తీసుకో.”

“మీరుండండి. ఈ సంతకం అయ్యాక ఇతను ఇక రాడు కదా?”

“రానక్కర్లేదు. నీ దారి నీది, అతని దారి అతనిది.”

“అందుకే అడుగుతున్నాను. ఎన్నిసార్లు నాయనా?”

“నావల్ల కాదు.”

“ఏంటి బాబూ?”

“నావల్ల కాదు మేడం. ఇంక చెప్పలేను.”

“గుర్తులేకపోతే లేదని చెప్పు. దానికేం...”

“గుర్తుండటానికి ఏమీ లేదు.”

“ఆగు. నోరు జారేముందు ఒక్క మాట విను. కాగితం బల్ల మీద ఉంది. పెన్ను ఆవిడ ముందుంది. నా చెవిన పడిన మాట నేను రాయకుండా ఉండలేను. కావాలంటే ఐదు నిమిషాలు బయటికెళ్ళి మొహం కడుక్కుని రా.”

“రాయండి మేడం.”

“ఏం రాయను?”

“నేను దిగలేదు.”

“దిగలేదంటే?”

“వ్యాను ఆపలేదు. దిగలేదు. నీళ్ళు పోయలేదు. ఆ అమ్మాయి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలీదు.”

“బాబూ...”

“జనం వచ్చేదాకా పక్కనే ఉన్నాను, భయమేసి తర్వాత వెళ్ళిపోయాను అని స్టేషన్లో చెప్పాను. అదీ అబద్ధమే. గంట తర్వాత లొంగిపోయానే, అదొక్కటే నిజం.”

“ఐదు వారాలు. నా ఎదురుగా కూర్చుని, కన్నతల్లి కళ్ళలోకి చూస్తూ. జైలు తప్పించుకోవడానికి ఇంత కథ అల్లావా?”

“మొదట అదీ ఉంది మేడం, లేదనను. కానీ మొదటి వారం అమ్మ అడిగారు, ‘ఏమైనా అందా’ అని. నేనక్కడ లేనని చెబుదామనే నోరు తెరిచాను. అమ్మ మొహం చూశాక ‘నీళ్ళడిగింది’ అని వచ్చేసింది. ఒకటన్నాక రెండోది అనాల్సొచ్చింది. ప్రతి మంగళవారం ఇంకోటి అడుగుతారు. వారమంతా దానికోసమే ఆలోచించేవాణ్ణి.”

“మరి ఇవాళెందుకు బయటపెట్టావు? పావుగంట ఓపిక పడితే పని అయిపోయేది కదా.”

“పొద్దున మా అమ్మ నా తలమీద చెయ్యేసి అంది మేడం, ‘పాపం ఆ పిల్ల చివర్లో ఒంటరిగా పోలేదు, నువ్వు పక్కనున్నావు, నాకు అదొక్కటే ఊరట’ అని. నాకు అన్నం దిగలేదు. ఇద్దరు తల్లుల్ని మోసం చేసి మూడేళ్ళు స్ట్రెచర్లు తోస్తే ఏం లాభం?”

“నీకిప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి సరే. ఈవిడ గతేం కావాలి? పిల్ల చివరి మాటలని గుండెల్లో దాచుకుంది. చెల్లెమ్మా, ఇతన్ని ఏమైనా అను. తిట్టు. కావాలంటే కొట్టు, నేను చూడనట్టు ఉంటాను.”

“తినమని చెప్పిన మాట ఎక్కడిది నాయనా?”

“అది మా అమ్మదమ్మా. ఇస్త్రీ పని చేస్తుంది. పనిలో పడితే తినదు. నేను బండి తీసేటప్పుడు రోజూ అనే మాట అది.”

“నువ్వు అనేదా?”

“నేను అనేదే. మీ అమ్మాయి ఏమనుండేదో నాకు తెలీదు కదా. నాకు తెలిసిన అమ్మ ఒక్కతే.”

“కంగారుపడొద్దని చెప్పినదీ?”

“అదీ అంతే.”

“మంచి కొడుకువే.”

“నన్ను తిట్టండమ్మా. ఇలా అనొద్దు.”

“సరే, నేను రాయాలి. వ్యాను ఆపలేదు. అసలు వెనక్కి కూడా చూడలేదా?”

“చూశాను మేడం. మలుపు దగ్గర, అద్దంలో. అప్పటికే ఎవరో ఒకావిడ వచ్చేసింది. రోడ్డు మీద చతికిలబడి, ఆ అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకుంది. కాళ్ళకి చెప్పుల్లేవు. ఎవరో ఒకరున్నారు కదా అనుకున్నాను. అలా అనుకునే వెళ్ళిపోయాను.”

“ఎవరావిడ? ఫైల్లో అలాంటి మనిషే లేదు. పేపరు వేసేవాడు అంబులెన్సుకి ఫోన్ చేశాడు, అప్పటికే గుంపు ఉంది అని రాశారు. మొదట వచ్చినావిడ ఎవరో దొరికితే... చెల్లెమ్మా, నీకేమైనా తెలుసా? చెల్లెమ్మా. ఏం చేస్తున్నావు?”

“సంతకం పెడుతున్నానండి.”

“ఆగు, పెట్టకు. అబద్ధం మీద కట్టిన ఒప్పందం చెల్లదు. నేను పైవాళ్ళకి చెప్పి తీరాలి. నువ్వు మోసపోయావు...”

“మోసపోతే కదండీ. వెనక పేజీలో ఎక్కడ? ఆ, ఇక్కడ.”

“ఏమంటున్నావు?”

“ఇతను దిగలేదని నాకు మొదటి మంగళవారమే తెలుసు.”

“ఎలా తెలుసు?”

“నా కళ్ళతో చూశాను. ఆ చెప్పుల్లేని మనిషిని నేనే నాయనా.”

“అమ్మా...”

“తల ఒళ్ళో పెట్టుకునేసరికే అది లేదు. నీళ్ళడగడానికి మనిషి ఉండాలి కదా.”

“తెలిసి కూడా ఐదు వారాలు ఇతనిచేత అదే చెప్పించావా చెల్లెమ్మా?”

“చెప్పించాను.”

“ఎందుకు? ఇంతకంటే పెద్ద శిక్ష వేద్దామనా?”

“శిక్ష ఏంటండీ. ఇతను చెబుతుంటే అది నన్ను తినమంటోంది. మొదటిరోజు లేచి ఇతని చొక్కా పట్టుకుందామనే అనుకున్నాను. ఈలోగా ‘అమ్మకి చెప్పు’ అంది అన్నాడు. కూర్చుండిపోయాను. ఆ రాత్రే నాకు నిద్ర పట్టింది.”

“గుంపు చేరాక వచ్చానని నువ్వే కదా పోలీసులకి రాయించింది?”

“రాయించాను.”

“ఎందుకు దాచావు? తల్లి ముందే పరిగెత్తుకొస్తే అందులో తప్పేముంది?”

“కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందండి.”

“పడనీ. ఇక్కడ కుర్చీలు వేసింది అందుకే.”

“మీరు రాస్తారా?”

“రాయాలి.”

“సరే, రాసుకోండి. అది స్నేహితురాలితో కలిసి గది తీసుకుంటానంది. తను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి దగ్గరట, ఇక్కణ్ణుంచి రెండు బస్సులు మారలేకపోతున్నానంది. ఇరవై మూడేళ్ళది. ఉంటే తప్పేంటి? ఏం లేదు. నాకే, ఆ ఇంట్లో మిషను చప్పుడొకటే మిగులుతుందని భయం. ముందురోజంతా సాధించాను. కన్నందుకు ఇదా అన్నాను. పొద్దున సంచి సర్దుకుంటే లాక్కున్నాను.”

“నెమ్మదిగా చెప్పు.”

“సంచి నా చేతిలోనే ఉండిపోయింది. అది వట్టి చేతుల్తో గుమ్మం దాటింది. నేను వెనకాలే, చెప్పులు కూడా వేసుకోలేదు. రోడ్డు దగ్గర నావైపు తిరిగింది. నన్ను చూస్తూ వెనక్కి వెనక్కి నడిచింది. నీ వ్యాను వైపు చూడనే లేదు నాయనా.”

“చీటీ కోసం వంగింది నేనమ్మా. చూపు తీసింది నేను. నేను చూసుంటే ఆగేది.”

“నీ తప్పు నీకే ఉంది. నీది నేను తీసుకోవట్లేదు. ఏమంది, ఏమంది అని నిన్ను పీక్కుతిన్నాను కదా, నన్నెవ్వరూ అడగలేదు. మా తమ్ముడు అడగలేదు. పోలీసులు అడగలేదు.”

“ఏమంది చెల్లెమ్మా?”

“‘నా వెంట రాకు’ అంది. నేను ఇంకో అడుగు వేశాను.”