పెండ్లి కంబళి మీద నల్లోడు

బీరక్క అని ఒకామె ఉన్నిందంట, గొర్లు కాసే కురుబోళ్ల ఆడమనిషి. మగడు పోయినాడు. మిగిలింది ముప్పై గొర్లు, ఒక కుక్క. కుక్క పేరు నల్లోడు. వాడు లేకపోతే మంద లేదు, మంద లేకపోతే ఆమెకి కూడు లేదు, అంతే అనుకో. వాడికంటే ముందు ఇంగో కుక్క ఉన్నింది, ఎర్రోడు. దాన్ని తోడేలు కరిచిన పొద్దు ఏమైందంటే, ఒకడు గుడ్డ ఏదీ అంటాడు, ఒకడు బండి ఏదీ అంటాడు, ఇంగొకడు పుండుకి కారంపొడి తెమ్మంటాడు. దగ్గరికి పోయినోన్ని కుక్క కరిచె. ఇట్ల కేకలేసుకుంటా ఉండంగానే దాని పానం పోయె. బీరక్క ఏడ్చి ఏడ్చి అనిందంట, "నా ఎర్రోడు తోడేలుతో చావలేదప్పా, మన గాబరాతో చచ్చినాడు. ఇంగ నా ఇంట్లో అట్ల జరగనీయను" అని.

ఇంగ చూడు ఆమె పని! పశువుల డాక్టరమ్మ దగ్గరికి నడిచిపోయి అన్నీ అడిగి తెలుసుకొని వచ్చె. గుడ్డలు ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మూట కట్టి మేకుకి తగిలించె. నొప్పి పుడితే సొంత కుక్క కూడా కరుస్తాదని, మూతికి కట్టేదానికి మెత్తటి పట్టీ కుట్టె. డాక్టరమ్మ ఫోన్ నంబరు గోడ మీద బొగ్గుతో రాయించె. అంతటితో అయిందా? కాలే. ఆటో తోలే మరిది హొన్నూరప్ప అని ఉన్నాడు, వాన్ని పట్టుకొని ప్రతి శనివారం, దెబ్బ తగిలినట్టే అనుకొని, కుక్కకి పట్టీ కట్టి, కంబళిలో పండబెట్టి, చెరొక పక్క పట్టి ఆటో దాకా మోయాల. మొదట్లో నల్లోడు గింజుకునె, పోను పోను కదలకుండా పండుకునేది నేర్చె. ఊరు ఊరంతా నిలబడి నవ్వె. "ఏం వదినా, బతికుండే కుక్కకి పాడె కడ్తాండావే" అని మోసే హొన్నూరప్పే నవ్వె. "నవ్వురా, నవ్వుతానే మొయ్యి. చెయ్యి మాత్రం వదలాకు" అనిందంట.

ఒగ పొద్దు ఏమైందంటే, అడవిపంది ఒకటి దొడ్డిలోకే దూరె. నల్లోడు అడ్డం పడె. తొడ చీలిపోయె, నెత్తురు కారిపోతాంది. బీరక్క మూట దించి గుడ్డతో అదిమి పట్టె, మూతికి పట్టీ కట్టె, హొన్నూరప్పని కేకేసి పిలిచె. కంబళి ఏదీ? అన్నీ సిద్ధం జేసిన మనిషి, ఆ పొద్దే కంబళి ఉతకాలని నీళ్లల్లో నానేసుండాది! చూసినారా, ఎంత తెలివైనోళ్లకైనా ఒగ తప్పు తప్పదు. ఒక్క గడియ ఆలోచించలేదంట. వాడితో పెట్టె తీపిచ్చి తన పెండ్లి కంబళి తెప్పిచ్చె. మా కురుబోళ్లల్లో అది ఉత్త కంబళి కాదు, పెండ్లినాడు మా గొర్లకాపరి దేవుడు బీరప్ప సామి గద్దె అది. దాని మీద చెప్పుకాలు కూడా పెట్టం.

కులపెద్ద లింగప్ప ఉరికొచ్చె. "ఏయ్ బీరక్కా! బీరప్ప సామి గద్దె మీద కుక్కనేస్తావా? కులంలో నిలవనీయను!" అంటాడు. బీరక్క పుండు మీది చెయ్యి తీయకుండానే, "బీరప్ప గొర్లు కాసినోడు కాదా? కుక్క లేకుండానే కాసినాడా? జరుగు పెద్దాయనా, నెత్తురు పోతాంది" అనె. హొన్నూరప్ప ఆ పొద్దు నవ్వలేదు. నల్లోడు కదలలేదు. ఇద్దరూ మోసి ఆటోలో ఏసుకొని పోయినారు. కుట్లేసి డాక్టరమ్మ అనిందంట, ఇంగ రవ్వంత ఆలస్యమైనా దక్కేవాడు కాదని.

వారానికి లింగప్ప పంచాయితీ పెట్టె. తప్పొప్పుకో, లేకుంటే వెలి అనె. బీరక్క లేచి, "ఒప్పుకోను. మీ ఇండ్లల్లో కూడా కుక్కలుండాయి. రేపు దెబ్బ తగిలితే ఏం జేస్తారో ఒక్కరు చెప్పండి, ఆమీట నన్ను వెలేయండి" అనిందంట. ఎవురూ చెప్పకపోయేసరికి ఆమె ఇంటికి పోయి గొర్లు తోలుకొని పాయె.

వెలేసినారా అంటారా? ఎట్లేస్తారు! సరే, మిమ్మల్నే అడుగుతా. మీ కుక్కకి ఇప్పుడే దెబ్బ తగిలిందనుకో, మొదట ఏం జేస్తారు? ఏం, చెప్పండి. మీకూ నోరు లేయదా? ఇంగ కతెందుకు, పోండి, పోయి గుడ్డలు ఉడకేసుకోండి.